రాసిన లోపం, రాయని లోపం

మా అత్తగారి ఊరు బల్మూరు, నల్లమల అంచున ఉంటుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఆ అడవిలోనే కూలింది. కృష్ణకు అవతల, కర్నూలు జిల్లా వైపు. ఐదుగురూ పోయారు. వాతావరణమే ప్రధాన కారణమని విచారణలో తేలింది. నన్ను వదలనిది మాత్రం అందులోని మరో సంగతి. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే ఏం చేయాలో పుస్తకంలో వెతకడంలోనే పైలట్లకు విలువైన నిమిషాలు గడిచిపోయాయి.

అందుకే చూసేదేదో నేలమీదే చూసుకోవాలి. విమానం కదిలేముందు పైలట్ చుట్టూ తిరిగి టైర్లు, రెక్కలు, చమురు మరకలు చూస్తాడు. లోపం కనిపిస్తే లాగ్‌బుక్కులో రాయాలి. కొన్ని చిన్న లోపాలతో ఎగరొచ్చు. అవేమిటో, ఎన్నాళ్లలో బాగుచేయాలో ముందే జాబితా ఉంటుంది. మిగతావాటికి లైసెన్సున్న ఇంజినీరు సంతకం పడాల్సిందే. రాస్తే విమానం ఆగుతుంది కాబట్టి 'దిగాక రాద్దాంలే' అనిపిస్తుంది చూడండీ, అసలు భయం అక్కడే!

నిరుడు మా బావమరిది దుబాయి వెళ్తుంటే శంషాబాద్‌లో విమానం ఆగిపోయింది. లోపలినుంచి ఫోన్ చేసి జనం సిబ్బందిమీద అరుస్తున్నారన్నాడు. బయట నా పక్కన మా అత్త గొణుగుతోంది: "ఖరాబైన ఇమానమే దొరకాల్నా మా పిల్లగానికి?"

"ఖరాబైందని రాసినందుకే ఆగింది అత్తా" అన్నాను. నమ్మినట్టు లేదు. మూడు గంటల తర్వాత విమానం లేచిందాకా తెచ్చుకున్న సద్దిమూట విప్పలేదు.