హీరో ఎవరోయ్ ఇందులో?

‘గొమోర్రా’ పేరెత్తితే చాలు, చూసినవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు కుర్చీలో ముందుకు జరిగి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. రెండో జట్టు వెనక్కి వాలి, ‘‘రెండుంబావు గంటలు దండగ’’ అంటుంది. ‘‘ఫర్వాలేదు, ఒకసారి చూడొచ్చు’’ అన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. మనవాళ్లు ఆ మాట ఏ సినిమాకైనా అనేస్తారు కదా, దీనికి మాత్రం ఎందుకో నోరు రాదు.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2008లో వచ్చిన ఇటలీ సినిమా. తీసినాయన మత్తెయో గర్రోనె. నేపుల్స్ చుట్టుపక్కల రాజ్యమేలే కమోర్రా ముఠాల గురించి రొబెర్తో సావియానో అనే యువకుడు 2006లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. పేర్లతో సహా రాసేశాడు. బెదిరింపులు మొదలై, ఆ ఏడాది అక్టోబరు నుంచే ఆయనకు పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. అప్పటికాయనకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు. మనం అన్నిటినీ కలిపి మాఫియా అనేస్తాం గానీ, అసలు మాఫియా సిసిలీది, ఈ కమోర్రా నేపుల్స్‌ది. సినిమాకు కాన్ చిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి వచ్చింది. ఏడాది చివర యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం కూడా ఇదే. ఆస్కార్‌కు ఇటలీ దీన్నే పంపితే నామినేషన్ దాకా కూడా పోలేదు. బహుమతులిచ్చే పెద్దల్లోనూ రెండు జట్లున్నాయన్నమాట.

మా బావగారు రెండో జట్టుకు నాయకుడు. బ్యాంకులో రిటైరైన మనిషి, ‘గాడ్‌ఫాదర్’ మూడు భాగాలూ కంఠతా వచ్చు. ఆయనకు ఈ సినిమా చూపించింది నేనే గనుక మాట కూడా నేనే పడ్డాను. సగం కూడా కాకముందే, ‘‘ఏమోయ్, హీరో ఎవరోయ్ ఇందులో?’’ అన్నారు. ‘‘లేడు బావగారూ’’ అన్నాను. ‘‘పోనీ విలన్?’’ ‘‘వాడూ లేడు.’’ ‘‘మరి మనం ఎవరికోసం కూర్చున్నట్టు?’’

ఆయన అభియోగాలు చాలానే ఉన్నాయి. అయిదు కథలట, ఒకదానితో ఒకటి చివరిదాకా కలవవట. ఎవడు ఎవణ్ణి ఎందుకు కాలుస్తాడో తెలియదట. చీరో అనే పేరు ఇద్దరికి పెట్టారట. రీరికార్డింగ్ లేదట. పగ తీర్చుకోవడం లేదు, పశ్చాత్తాపం లేదు, ఇంటర్వెల్ బ్యాంగ్ అసలే లేదు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదండీ. వినపడే పాటలు చాలావరకు ఆ మనుషుల కార్లలోంచీ, షాపుల్లోంచీ వచ్చే నేపుల్స్ పాటలే. ఇద్దరు చీరోలున్న మాటా నిజమే.

కానీ ఆ అయిదు కథల్లో మూడు చెప్తాను, వినండి.

తోతోకి పదమూడేళ్లు. స్కంపియా అనే పేటలో ఇళ్లకు కిరాణా సరుకులు చేరవేస్తుంటాడు. తెరచాపల ఆకారంలో, ‘వేలె’ అనే పేరుతో కట్టిన పెద్దపెద్ద ప్రభుత్వ గృహసముదాయాలు అక్కడ ఉండేవి. కాగితం మీద గీసినప్పుడు అందంగానే ఉండి ఉంటాయి. సినిమాలో మాత్రం చీకటి వరండాలు, ఇనప కటకటాలు, పై అంతస్తుల్లో కాపలా కాస్తూ పోలీసులు వస్తే కేకేసే కుర్రాళ్లు. తోతో ముఠాలో చేరాలనుకుంటాడు. ప్రవేశ పరీక్ష ఏమిటంటే, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా తొడిగి నిలబెట్టి ఎదురుగా కాలుస్తారు. పిల్లలు వరసలో నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు. తర్వాత తోతో అద్దం ముందు నిలబడి ఛాతీ మీద కమిలిన మచ్చ చూసుకుంటాడు. ఆ చూపులో భయం కంటే గర్వమే ఎక్కువ. ఏ ఇంటికైతే రోజూ పాలూ రొట్టెలూ ఇచ్చివచ్చేవాడో, ఆ ఇంటి మరియా కొడుకు అవతలి వర్గంలో చేరాడు. ఆవిడను బయటికి పిలిచి అప్పగించే పని చివరికి ఈ పిల్లాడికే అంటగడతారు.

రెండోది చెత్త వ్యాపారం. ఫ్రాంకో అనే పెద్దమనిషి సూటు వేసుకుని, ఉత్తరాది ఫ్యాక్టరీల విషపు వ్యర్థాలను చవగ్గా వదిలిస్తానని ఒప్పందాలు కుదుర్చుకుని, దక్షిణాది పొలాల్లో, క్వారీ గుంతల్లో పూడ్పిస్తాడు. టోనీ సెర్విల్లో వేశాడా పాత్ర. ఎక్కడా గొంతు పెంచడు. డ్రమ్ము పగిలి ఒక డ్రైవరు ఒళ్లు కాలితే మిగతా డ్రైవర్లు పని మానేస్తారు. ఫ్రాంకో ఏం చేస్తాడనుకున్నారు? పిల్లల్ని తెచ్చి లారీలెక్కిస్తాడు. స్టీరింగు అందడానికి కింద దిళ్లు వేస్తారు. అంతకంటే నన్ను వదలని దృశ్యం ఇంకోటుంది. ఒక ముసలావిడ, ఆ పొలంలో పండినవే, ఒక బుట్టెడు పీచ్ పళ్లు ఫ్రాంకో దగ్గర పనిచేసే కుర్రాడికి ఆప్యాయంగా ఇస్తుంది. కారు కాస్త దూరం పోగానే, వాటిని పారేయమంటాడు ఫ్రాంకో. ఆ నేలలో ఏముందో ఆయనకు తెలుసు కదా! ఆ కుర్రాడు అక్కడే పని వదిలేస్తాడు. అయితే పోయి పిజ్జాలు చేసుకో అన్నట్టు వెక్కిరించి వెళ్లిపోతాడు ఫ్రాంకో. కుర్రాడు రోడ్డు పట్టుకుని నడిచిపోతాడు. అంతే. సినిమా మొత్తంలో తనంతట తాను ‘నావల్ల కాదు’ అన్నవాడు వీడొక్కడే, వీడికీ చప్పట్లు కొట్టించే డైలాగు లేదు.

మూడోది దర్జీ పస్క్వాలె. పెద్ద ఫ్యాషన్ కంపెనీల గౌన్లు తక్కువ కూలికి కుట్టే చిన్న వర్క్‌షాపులో పనోడు. రాత్రిళ్లు చైనా కార్మికులకు దొంగచాటుగా పని నేర్పడానికి వెళ్తాడు, అదీ కారు డిక్కీలో దాక్కుని. అక్కడ వాళ్లు ఆయన్ని గురువుగారూ అని పిలిచి చప్పట్లు కొడితే ఆ మొహంలో వచ్చే వెలుగు చూడాలి. అలాంటి మర్యాద ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. పోటీవాడికి పని నేర్పినందుకు కారు మీద కాల్పులు జరుగుతాయి. బతికి బయటపడి, కుట్టుపని వదిలేసి లారీ డ్రైవరవుతాడు.

ఇప్పుడు బావగారి ఫిర్యాదుకి వద్దాం. ‘‘ఎవరు ఎవరి మనుషులో చెప్పొచ్చు కదా?’’ 2004–05లో స్కంపియాలో డి లౌరో ముఠా చీలి, విడిపోయిన వర్గంతో వీధి యుద్ధం నడిచింది. సినిమా వెనక ఉన్నది ఆ రక్తపాతమే. గర్రోనె తలచుకుంటే మొదట్లోనే ఒక గొంతుతో ఇదంతా చెప్పించేవాడు. చెప్పించలేదు. ఎందుకంటే ఆ వరండాల్లో ఉన్నవాళ్లకు కూడా పూర్తి పటం తెలియదు. జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు నెలనెలా డబ్బు పంచే దోన్ చీరో, ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్న మనిషి, తన ఇంటి మెట్ల మీద ఎదురైనవాడు ఏ వర్గమో తెలియక చొక్కా కింద కవచం తొడుక్కుని తిరుగుతాడు. కొత్త ఊళ్లో రాత్రి తప్పు స్టాపులో బస్సు దిగినవాడికి ఉండే దిగులు సినిమా పొడుగునా మనకి కలుగుతుంది. బావగారికి విసుగనిపించింది అదే, నాకు ఊపిరాడనిదీ అదే. ఒకే పదార్థం తిని ఇద్దరం రెండు రకాలుగా చెప్పాం తప్ప, ఆయన చూసింది వేరు, నేను చూసింది వేరు కాదు. అన్నట్టు, ఇటలీలోనే ఈ సినిమాను ఇటాలియన్ సబ్‌టైటిల్స్‌తో వేశారు. అంత చిక్కటి యాస. కాబట్టి తికమక పడింది మనమొక్కరమే కాదు.

నా జట్టువాళ్లతో కూడా నాకో పేచీ ఉంది. ‘‘అబ్బ, ఎంత రియలిస్టిక్’’ అని ఊరుకుంటారు, కెమెరా అక్కడ పడేసి వచ్చినట్టు. పీచ్ పళ్ల దృశ్యం ఎవరో పట్టుకోగా దొరికింది కాదండీ, కూర్చుని అల్లింది. హత్యలు జరిగేటప్పుడు కెమెరా పక్కకో, వెనక్కో, ఆలస్యంగానో ఉండటం కూడా లెక్క ప్రకారమే. గర్రోనె చాలాచోట్ల కెమెరా తనే పట్టుకుంటాడు. తుపాకీ పేలడానికి ముందు మనల్ని సిద్ధం చేసే సంగీతం లేకపోవడం కూడా ఒక అలంకారమే. ఆభరణాలు తీసేయడానికీ చెయ్యి తిరిగి ఉండాలి. ఇటలీలో ఈ చెయ్యి కొత్తది కాదు. నేపుల్స్‌లోనే పుట్టిన ఫ్రాంచెస్కో రోసి 1962లో ‘సాల్వతోరె జూలియానో’ తీశాడు. పేరున్న బందిపోటు మీద సినిమా, బతికున్న బందిపోటు మొహం మాత్రం సరిగ్గా కనపడనివ్వడు. అప్పుడూ బావగార్లు కుర్చీల్లో కదిలే ఉంటారు.

నిజానికి సినిమాలోనే ఇద్దరు ప్రేక్షకులున్నారు. మార్కో, చీరో అనే ఇద్దరు కుర్రాళ్లు. బ్రయాన్ డి పాల్మా తీసిన ‘స్కార్‌ఫేస్’ వాళ్లకి వేదం. పాడుబడ్డ పెద్ద భవనంలో అల్ పచీనో డైలాగులు కొడుతూ ఎగురుతారు. ముఠా దాచిన తుపాకులు దొరికితే, చడ్డీల మీద నీళ్లలో నిలబడి ఎటుపడితే అటు కాలుస్తారు. ఆ ప్రాంతంలో హీరోలా బతకొచ్చని నమ్మినవాళ్లు వీళ్లిద్దరే. పెద్దవాళ్లు వాళ్లను మందలిస్తారు, వినరు, ఒక పని ఉందని పిలిపించి చంపి బుల్డోజర్‌లో వేసుకుపోతారు. ఇది కేవలం కల్పన అనుకోకండి. కసాల్ ది ప్రించిపెలో ఒక ముఠా నాయకుడు ‘స్కార్‌ఫేస్’లో హీరో టోనీ మోంటానా ఇల్లులాంటిదే కావాలని కట్టించుకున్నాడని సావియానో పుస్తకంలో ఉంది. సినిమావాళ్లు ముఠావాళ్లను చూసి తీస్తారు, ముఠావాళ్లు సినిమా చూసి ఇళ్లు కట్టుకుంటారు. ‘గాడ్‌ఫాదర్’ తీసేటప్పుడు ఇటాలియన్ అమెరికన్ల సంఘమొకటి స్క్రిప్టులోంచి మాఫియా అనే మాట తీయించిందని వినే ఉంటారు. ఆ సంఘాన్ని నడిపిన జో కొలంబో సాక్షాత్తూ న్యూయార్క్ మాఫియా పెద్దల్లో ఒకడు!

మూడో జట్టు గురించి చెప్పకపోతే అన్యాయం. ఆ ఊరివాళ్లు. ‘‘నేపుల్స్ అంటే ఇదేనా? మా సంగీతం, మా సముద్రం, పొద్దున్నే లేచి పనికి పోయే లక్షలమంది కనపడరా?’’ అనే బాధ. ఇది కడుపులోంచి వచ్చే మాట. కర్నూలు, కడప స్నేహితులు ఫ్యాక్షన్ సినిమాల గురించి ఇదే అంటుంటారు. ‘సమరసింహారెడ్డి’ తర్వాత వరసగా సుమోలూ బాంబులూ చూపించి, పెళ్లి సంబంధానికి వెళ్తే అవతలివాళ్లు నవ్వే పరిస్థితి తెచ్చారని. తేడా ఒకటుంది. మనవాటిలో కత్తి పట్టినవాడికి పూలదండ పడింది, గర్రోనె సినిమాలో ఎవరికీ పడలేదు.

ఈ బాధను రాజకీయ నాయకులు వాడుకోవడం కూడా అక్కడ పాత అలవాటే. 1952లో దె సీకా ‘ఉంబెర్తో డి’ తీస్తే, ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూసే ఆంద్రెయోత్తి, దేశానికి చెడ్డపేరు తెస్తున్నావని బహిరంగంగా లేఖ రాశాడు. 2009లో ప్రధాని బెర్లుస్కోని, మాఫియా మీద పుస్తకాలు రాసేవాళ్లు దొరికితే పీక నులిమేస్తానని సరదాగా అన్నాడు. ‘గొమోర్రా’ పుస్తకం వేసింది మొందదోరి సంస్థ. ఆ సంస్థ ఎవరిదనుకున్నారు? బెర్లుస్కోని కుటుంబానిదే! రచయిత పీకా కావాలి, రాబడీ కావాలి.

సినిమాలో నాకు నచ్చనిది చెప్పేస్తాను. చివర అక్షరాలు పడతాయి. ముప్ఫై ఏళ్లలో కమోర్రా 4,000 మందిని చంపిందనీ, ఇంకా ఇలాంటి లెక్కలూ. రెండుంబావు గంటలు ఏమీ వివరించనని పంతం పట్టినవాడు, తలుపు దాకా వచ్చి పాఠం చెప్పి పంపిస్తాడేమిటి? లెక్కలు పుస్తకంలో ఉంటే బాగుంటాయి, అక్కడ వాటికి చోటుంది. సినిమాలో ఆ బుల్డోజర్ తర్వాత తెర నల్లబడితే చాలు. ఈ ఒక్క విషయంలో బావగారు గర్రోనెని సమర్థించారు. ‘‘ఆ నాలుగు ముక్కలే నాకు అర్థమైనవి’’ అన్నారు.

తర్వాత 2014లో ఇదే పుస్తకం పేరుతో టీవీ సీరియల్ వచ్చింది, 2021 దాకా అయిదు సీజన్లు నడిచింది. అందులో వారసుడున్నాడు, వెన్నుపోటు ఉంది, గుండు చేయించుకుని కళ్లతోనే భయపెట్టే చీరో ఉన్నాడు. మూడో చీరో అనుకోండి. ఎవరు ఎవరి మనుషులో శుభ్రంగా తెలుస్తుంది. వెంటనే ఇటలీలో పెద్దలు కొందరు, నేరగాళ్లను మరీ హీరోలుగా చూపిస్తున్నారని గోల పెట్టారు. బావగారు మాత్రం అయిదు సీజన్లూ ఏకబిగిన లాగించి, నాకు ఫోన్ చేసి, ‘‘ఇదీ రియలిస్టిక్ అంటే!’’ అన్నారు.