గడపకు ఇవతల

పేటెంటు ఏజెంటునని చెప్పగానే చాలామంది నన్ను పాలసీలమ్మే మనిషిననుకుని ఒక అడుగు వెనక్కు వేస్తారు. కాస్త తెలిసినవారు “అంటే లాయరన్నమాట” అంటారు. అదీ కాదు. నేను న్యాయశాస్త్రం చదవలేదు. రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. చదివాను. ఈ వృత్తికి లా పట్టా అక్కరలేదు, సైన్సు పట్టా లేనిదే కుదరదు. వినడానికి వింతగా ఉంటుంది కానీ మన చట్టం అలాగే ఉంది.

1970 నాటి పేటెంట్ల చట్టంలో 126వ సెక్షను ఈ సంగతి చెబుతుంది. భారత పౌరుడై ఉండాలి, ఇరవయ్యొక్క ఏళ్ళు నిండాలి, సైన్సులోనో ఇంజనీరింగులోనో టెక్నాలజీలోనో డిగ్రీ ఉండాలి. ఆపైన పేటెంటు కార్యాలయం పెట్టే పరీక్ష నెగ్గాలి, లేదా అక్కడే ఎగ్జామినరుగానో కంట్రోలరుగానో పదేళ్ళు పనిచేసి బయటకు వచ్చి ఉండాలి. పూర్వం న్యాయవాదులకు వేరే దారి ఉండేది, పరీక్ష రాయకుండానే నమోదు కాగలిగేవారు. 2005 సవరణ ఆ దారిని మూసింది. అది రాజ్యాంగ విరుద్ధమని 2013లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. అయినా ఆ తరువాత వచ్చిన పరీక్షా ప్రకటనలు కూడా డిగ్రీని అడుగుతూనే ఉన్నాయి.

ఇదంతా నాకు కంఠతా వచ్చిన పాఠమే. అది ఇంట్లో మనిషికి తగిలేదాకా దాని బరువు తెలియలేదు. మా అక్క కూతురు ఇంటర్‌లో సి.ఇ.సి. తీసుకుని, ఐదేళ్ళ బి.ఏ. ఎల్.ఎల్.బి. పూర్తిచేసి, నా దగ్గర పని నేర్చుకుంటానని వచ్చింది. సెక్షను చదివి అడిగింది: “మావయ్యా, కంట్రోలరు ముందు విచారణలో నిలబడి వాదించవచ్చట. హైకోర్టులో పేటెంటు కేసు నడపవచ్చట. ఆ పేటెంటు దరఖాస్తు తయారుచేసి సంతకం పెట్టడానికి మాత్రం పనికిరానా?”

పనికిరాదు. 132వ సెక్షను న్యాయవాదికి విచారణలో చోటిచ్చింది, అంతవరకే.

డిగ్రీకి అర్థమే లేదని నేను అనను. హైదరాబాదులో ఉన్నవాడికి మందుల కంపెనీల ఫైళ్ళు తప్పవు. అణువు ఒక్కటే, అది స్ఫటికంగా పేరుకునే తీరు వేరు. ఆ తేడాను ఎక్స్-రే గ్రాఫులోని శిఖరాలు చూసి పట్టుకోవాలి. ఆ తేడావల్ల మందు గుణం నిజంగా పెరిగిందా అని 3(డి) అడిగే ప్రశ్నకు జవాబు రాయాలి. అలాంటి ఫైలొకటి మా అమ్మాయి చేతికిస్తే ఒక పూటంతా నేను పక్కన కూర్చుని చెప్పవలసి వచ్చింది.

కానీ అదే బి.ఎస్సీ. పట్టాతో నేను మోటార్ల మీద, సెల్‌ఫోను సర్క్యూట్ల మీద కూడా సంతకాలు పెడుతున్నాను. వాటి గురించి నా కాలేజీ నాకేమీ చెప్పలేదు. చట్టం ఏ సైన్సని అడగదు, ఏదో ఒక సైన్సు చాలునంటుంది. అమెరికావారు ఈ విషయంలో మనకంటే పట్టుదల మనుషులు. అక్కడ లాయరైనా సరే సాంకేతిక అర్హత చూపాలి. ఒప్పుకునే డిగ్రీల పేర్లతో జాబితా ఉంది. 2021లో అందులో పద్నాలుగు పేర్లు చేర్చారు. ఉత్త గణితం డిగ్రీకి మాత్రం చోటు లేదు. డిజైన్ పేటెంట్ల వరకు 2024 జనవరి నుండి వేరే తలుపు తెరిచారు, చిత్రకళ చదివినవారూ ఆ తలుపున రావచ్చు.

ఇంతకీ కనిపెట్టేవాడికి ఏ అర్హతా అక్కరలేదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువాపి, తల్లి లక్ష్మి చేతి నొప్పి చూడలేక ఆసుయంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటివాడు తన దరఖాస్తు తానే రాసుకుని దాఖలు చేస్తానన్నా చట్టం అడ్డు చెప్పదు. పట్టా అడిగేది అతని తరఫున రాసేవాడినే.

మా అమ్మాయి రాసిన ఒక క్లెయిము సంగతి చెప్పాలి (ఆ దరఖాస్తు ప్రచురితమైంది కనుక చెప్పవచ్చు). అనంతపురం నుండి ఒక మెకానిక్ వేరుసెనగ కాయలు ఒలిచే మెషిను తెచ్చాడు. “స్ప్రింగుతో నొక్కబడే జల్లెడ” అని నేను రాసుకుంటున్నాను. తను ఆపి, “అన్నా, స్ప్రింగు దొరక్కపోతే ఏం వాడతారు?” అని అతన్ని అడిగింది. “సైకిల్ ట్యూబు ముక్క పెట్టినా నడుస్తాదమ్మా” అన్నాడు. అప్పుడు తను “సాగి తిరిగి ముడుచుకునే భాగం” అని రాసింది. స్ప్రింగని రాసి ఉంటే, రేపు ఎవడో ట్యూబు ముక్క పెట్టి అదే యంత్రం అమ్ముకుంటే మెకానిక్ చూస్తూ ఊరుకోవలసి వచ్చేది. ఈ పని రసాయనశాస్త్రం నేర్పేది కాదు. పరీక్షలో రెండో పేపరు సరిగ్గా ఈ నేర్పునే, స్పెసిఫికేషన్ రాయడాన్నే, కొలుస్తుంది. ఆ పేపరు ఉండగా దాని ముందు డిగ్రీ గడప ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. రాయలేనివాడు అక్కడే ఆగిపోతాడు కదా!

ఆ దరఖాస్తు కింద సంతకం నాది.

మొన్న తను మూడేళ్ళ బి.ఎస్సీ. కోర్సుల వివరాలు చూస్తూ కనబడింది. ఇరవయ్యారేళ్ళ వయసులో, ఎన్‌రోల్ అయిన న్యాయవాది, మళ్ళీ ల్యాబు రికార్డు రాయాలి. “కెమిస్ట్రీ నువ్వు చెబుతావుగా మావయ్యా, ఫిజిక్సుకే భయం” అంది. వాళ్ళమ్మ మాత్రం పెళ్ళి సంబంధాల లెక్కలో ఉంది. ఫీజు కట్టడానికి గడువు ఈ నెలాఖరు.