కొండ ఎక్కుదాం, కొంగల ఊరు చూద్దాం

పిల్లలూ! అడవి ప్రాణులను చూడాలంటే పట్నంలో ఉండే జంతుప్రదర్శనశాలకే పోవాలని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. మీ ఇల్లు హిందూపురంలోగాని, పెనుకొండలోగాని, ధర్మవరంలోగాని ఉంటే, ఒక ఆదివారం తెల్లవారుజామున లేచి అమ్మనూ నాయననూ బయలుదేరదీస్తే చాలు. చిత్రాన్నం పొట్లాలు, ఒక్కొక్కరికి రెండు సీసాల మంచినీళ్ళు, తలకు తువ్వాలు, కాళ్ళకు గట్టి చెప్పులు ఉండాలి. ఇంతకంటె ఏమీ అక్కరలేదు. మాఘమాసం ఇందుకు మంచి అదను. అప్పటికి చలి పూర్తిగా పోదు, ఎండ ఇంకా ముదరదు.

ఈ మూడు ఊళ్ళూ బెంగుళూరునుంచి గుంతకల్లు పోయే రైలుదారిమీదనే ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడండి. ఒకదానిమీద ఒకటి పేర్చిన గుండ్లతో బోడికొండలు కనిపిస్తాయి. భీముడు గోళీలాడి అలాగే వదిలి పోయాడా అనిపిస్తుంది. వాటిని ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల కరిగి ఉన్న పదార్థం చల్లారి, గట్టిపడి, ఈ నల్లరాయి అయింది. పైనున్న మన్ను కాలక్రమేణా కొట్టుకుపోయి రాయి బయటపడింది. రాతి పగుళ్ళలోకి నీరు దిగింది. మూలలు ముందుగా అరిగాయి. పలకలుగా ఉన్న బండలు గుండ్రని గుండ్లయ్యాయి.

పెనుకొండ స్టేషనులో దిగుదాం. పెను అంటే పెద్ద. పేరుకు తగినట్టే ఊరిమీదికి వంగి చూస్తున్నట్టు ఉంటుంది ఈ కొండ. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక, తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. ఊళ్ళో గగనమహలు చూసి, కోటగోడల పక్కగా కొండదారి పట్టండి. శత్రువులు రాకుండా రాజులు కట్టిన గోడల సందుల్లో ఇప్పుడు తొండలూ బల్లులూ కాపురం చేస్తున్నాయి.

నాలుగు అడుగులు వేశాక, "ఏదీ, ఒక్క జంతువూ లేదే!" అని మీ చెల్లెలు అడుగుతుంది. జంతువు కనిపించకపోయినా, అది రాసిపెట్టి పోయిన ఉత్తరం కనిపిస్తుందని చెప్పండి. ఆ ఉత్తరం చదవటం నేర్చుకోవాలి, అంతే.

దారిలో పెంట కనిపిస్తే ముక్కు మూసుకుని పారిపోకండి. పుల్లతో కదిపి చూడండి. అందులో రేగుగింజలు ఉంటే, నక్కో ఎలుగుబంటో రేగుపళ్ళు తిన్నదన్నమాట. అక్కడక్కడ చెదపుట్ట తవ్వేసి ఉంటుంది. అది ఎలుగుబంటి పని. దానికి పైపలువరుసలో ముందు రెండు పళ్ళు ఉండవు. ఆ సందులోంచే అది చెదలను జుర్రుమని పీల్చుకుంటుంది. మన్ను ముక్కులోకి పోకుండా నాసికారంధ్రాలు మూసుకోగలదు కూడా! అటువంటి గుర్తులు కొత్తగా, తడిగా ఉంటే ఇక ముందుకు పోవద్దు. అమ్మానాయనలతో కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెనక్కి రండి. ఈ కొండల్లో చిరుతపులులు కూడా తిరుగుతాయి. అందుకే పొద్దు వాలకముందే కొండ దిగాలి. భయపడి కాదు. పగలు మనది, రాత్రి వాటిది. ఒకరి వేళలో ఒకరు జొరబడకపోవటం మంచి ఇరుగుపొరుగు లక్షణం.

వేసవి ముదిరాక వస్తే బండమీద ఒక వింత చూడవచ్చు. మగతొండ వీపు ఎర్రగా, పక్కలు కాటుక పూసినట్టు నల్లగా అవుతాయి. ఆడతొండ మెప్పుకోసం అది వేసుకునే పెళ్ళిబట్టలు అవి. ఇంకో మగతొండ పోట్లాటకు వస్తే కొద్ది క్షణాల్లోనే వీపు పసుపుగా, పక్కలు నారింజరంగుగా మారిపోతాయి! దాన్ని చూడగానే మీ తమ్ముడి చెయ్యి రాయికోసం వెతుకుతుంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. రాయి వేస్తే చూసేది ఒక్క క్షణమే. ఊరక కూర్చుంటే ఆట అంతా చూడవచ్చు.

కొండ కింద కంపపొదల మధ్య ఖాళీనేల ఉంటుంది. పనికిరాని బీడని దాన్ని అందరూ చులకన చేస్తారు. కాని ఒక పక్షి కథ వినండి. దాని పేరు కలివికోడి. 1848లో అది శాస్త్రజ్ఞులకు తెలిసింది. 1900 ప్రాంతంలో మన అనంతపురం దగ్గర కూడా కనిపించింది. ఆ తరువాత ఎంత వెతికినా దొరకలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో, ఆ పక్షి గుట్టు తెలిసిన ఒక వేటగాడు రాత్రిపూట దీపం వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. పండితులు ఎనభై ఏళ్ళకు పైగా కనుక్కోలేనిది అడవి ఎరిగిన మనిషికి తెలుసు! అది ఉండేది ఇటువంటి కంపపొదల మధ్య ఖాళీనేలలోనే. దానికోసం తరువాత తెలుగుగంగ కాలువ దారిని కూడా కొంత మార్చారు. మరి బీడు పనికిరానిదని ఎలా అంటాం?

ఇక హిందూపురం తిరిగివచ్చి, ఇంకొక ఆదివారం చిలమత్తూరు మండలంలోని వీరాపురం పోదాం. ఇది కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఊళ్ళోకి అడుగు పెట్టగానే పైనుంచి గోల వినిపిస్తుంది. తల ఎత్తితే, ఇళ్ళ నడుమ ఉన్న చింతచెట్లనిండా గూళ్ళు! ఇవి ఎర్రకాళ్ళ కొంగలు. తెల్లని ఒళ్ళు, రొమ్ముమీద నల్లని పట్టీ, తోకదగ్గర గులాబిరంగు ఈకలు, పసుపుపచ్చని పొడుగాటి ముక్కు. గోల చేసేది పిల్లలే. పెద్దకొంగలకు దాదాపు గొంతే లేదు, ముక్కులు టకటక కొట్టుకుంటాయి.

ఇవి సైబీరియానుంచి వచ్చాయని చాలామంది చెబుతారు. అది పొరపాటు. ఇవి మన దేశపు పక్షులే. నీరూ చేపలూ ఉన్నచోట వెతుక్కుంటూ తిరిగి, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాగా ఏటేటా ఈ ఊరు చేరుతాయి. వానలకాలం వచ్చేసరికి పిల్లలతో ఎగిరిపోతాయి. అవి వస్తే ఊరికి మేలని ఇక్కడివారి నమ్మకం. రెట్టలు వాకిట్లో పడినా, వాసన వేసినా, వాటిని ఎవరూ తరమరు.

మధ్యాహ్నం గూటివైపు చూడండి. తల్లికొంగ రెక్కలు విప్పి, గొడుగులాగా నిలబడుతుంది. దాని నీడలో పిల్లలు ముడుచుకుని ఉంటాయి. ఇప్పుడు ఆలోచించండి. బొమ్మ తీసుకోవాలని మీరు చప్పట్లు కొట్టారనుకోండి, తల్లి ఎగిరిపోతుంది. ఈకలు సరిగా రాని పిల్ల ఎండకు మాడుతుంది, లేదా కాకికి చిక్కుతుంది. ఊరు ఎన్నో ఏళ్ళుగా సంపాదించిన నమ్మకాన్ని ఒక్క చప్పట్లతో పోగొట్టవచ్చు.

నమ్మకం ఒక్కటే ఉంటే చాలదు, చెరువులో నీరు కూడా ఉండాలి. ఈ కొంగ కంటితో చూసి చేపను పట్టదు. లోతులేని నీటిలో నోరు కొంచెం తెరిచి ముంచి, అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగిలితే టక్కున మూస్తుంది. మన ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. అందుకే మన పెద్దలు ఎక్కడికక్కడ చెరువులు తవ్వారు. చిత్రావతి నీటితో నిండే ధర్మవరం చెరువు అటువంటిదే. 2016లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయానికి చేరాయి. చెరువు ఎండితే రైతుకు పంట లేదు, కొంగకు పిల్ల లేదు. ఇద్దరి ఆకలీ ఒక్కటే.

ఇంటికి వచ్చాక ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, చూసినవన్నీ రాయండి. పక్షి, చెట్టు, అడుగుజాడ, చెరువులో నీరు ఎంత ఉన్నదీ, అన్నీ. వచ్చే ఏడు అదే రోజున మళ్ళీ పోయి సరిచూడండి. ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో మీ పుస్తకమే చెబుతుంది. అన్నట్టు, కొండమీదినుంచి తేదగినవి రెండే రెండు: మీరు తిన్న పొట్లాల కాగితాలు, మీరు రాసుకున్న మాటలు. తక్కినవన్నీ అక్కడే ఉండనివ్వండి. రేపు వచ్చే పిల్లలు కూడా చూడాలి కదా!