బందరుకోటలో సమాధులు

మా వారు గోదావరిఖనిలో బొగ్గుబాయి షిఫ్టు ముగించి ఇంటికి వచ్చేవరకు నా కళ్ళు గుమ్మము మీదనే ఉంటాయి. అందుకేనేమో, మొన్న వేసవి సెలవులలో పిల్లలకు సముద్రము చూపుదామని మచిలీపట్నము వెళ్ళినప్పుడు, నా మనస్సు బందరుకోటలోని డచ్చివారి సమాధుల దగ్గరనే ఆగిపోయినది. రామగుండములో రైలెక్కి, బెజవాడలో దిగి, బస్సులో వెళ్ళాము.

వాస్కోడగామా 1498లో సముద్రమార్గమున కాలికట్టు చేరాడు. డచ్చివారు 1605లో ఈ తీరమునకు వచ్చి వర్తకము పెట్టారు. ఆంగ్లేయుల గ్లోబ్ అనే ఓడ 1611లో వచ్చినది. తీరమున లోతు తక్కువ గనుక ఓడలు దూరముగా లంగరు వేస్తే, సరుకును పడవలు మోసేవి.

ఇంత దూరము దేనికి వచ్చారు? లవంగాలకు, జాజికాయకు అనుకున్నాను. అవి ఇక్కడ పండవు, తూర్పు దీవులలో పండేవి. ఆ దీవులవారు కోరినవి మన నేతబట్టలు, అద్దకపు బట్టలు. అందుచేత ముందు ఇక్కడ బట్టలు కొని, అక్కడ వాటినిచ్చి సుగంధ ద్రవ్యములు తీసుకొనేవారు. మన మగ్గము ఆడకపోతే ఆ పెద్ద ఓడలకు ఇక్కడ పనే లేదు! దగ్గరలోని పెడనలో అద్దకపు పని నేటికీ సాగుతున్నది.

సమాధులపై డచ్చి అక్షరాలు చెక్కారు. ప్రయాణమే నెలల తరబడి. ఇక్కడ కన్నుమూసినవాని కబురు హాలెండులోని భార్యకు ఎప్పుడు చేరేదో! మాకైతే సైరన్ మోగుతుంది.

మా చిన్నవాడు ఆ అక్షరాలను వేలితో దిద్దాడు. ఒక్కటీ చదవలేకపోయాము.