వాల్వు దగ్గర పాపభీతి

ప్రపంచ సంక్షోభాలకు ఆధ్యాత్మిక పునరుజ్జీవనమే మందు అనే మాట సభల్లో ఇంపుగానే ఉంటుంది. హైదరాబాద్ శివార్లలోని కాజీపల్లి చెరువు గట్టున అది నిలుస్తుందా అన్నదే ప్రశ్న. మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. కాజీపల్లి చెరువులో బ్యాక్టీరియాను యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా చేసే జన్యువులు రకరకాలున్నాయని 2014లో మరో అధ్యయనం తేల్చింది. రోగం తగ్గించాల్సిన మందే రోగాన్ని మొండిదాన్ని చేస్తోందన్నమాట. ఇలాంటి మొండి బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

దీనికి భజనలెందుకు, చట్టం చాలదా అంటారు. చట్టం కావాల్సిందే. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడకపోతే, 1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో కేసు పడకపోతే, విషమెక్కిన నక్కవాగు గోడు ఎవరికి పట్టేది? కానీ జోరువానలో, అర్ధరాత్రి, వ్యర్థజలాలను నాలాలోకి వదలడానికి వాల్వు తిప్పే చేతి పక్కన ఏ అధికారీ ఉండడు. అక్కడ అడ్డుపడేది పాపభీతే. మరి భక్తికేం కొదవ, దసరాకు యంత్రాలన్నిటికీ బొట్లు పెడుతున్నాంగా అనొచ్చు. నిజమే, పూజ తగ్గలేదు. పాపాల పద్దులో రసాయనం ఇంకా ఎక్కలేదు, అంతే. పైగా ఆ భయం ఉండాల్సింది వాల్వు తిప్పే దినకూలీకి కాదు, ఖర్చు మిగులుతుందని తిప్పమన్న యజమానికి. బతుకమ్మను సాగనంపే నీళ్లలో విషం కలపడం ఉపవాసంతో తీరే దోషం కాదని అతనికి చెప్పాల్సింది గుడిలో పూజారి, మసీదులో ఇమాం, చర్చిలో పాస్టరు. పర్యావరణ ఇంజినీరు ఎలాగూ చెబుతూనే ఉన్నాడు.