మద్రాసులో దొరికిన సిల్వియా

కనుగొనడం వేరు, ఎరుగడం వేరు. ఈ రెండింటి నడుమ ఎంత దూరం ఉండగలదో మనకు బోధించే చిన్న ప్రపంచం ఒకటి అంగారక, గురు గ్రహాల మధ్య సంచరిస్తున్నది. దాని పేరు సిల్వియా. గ్రహశకలాల పట్టికలో దాని సంఖ్య 87.

1866 మే 16న మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్‌సన్ దానిని కనుగొన్నాడు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆనాడు మద్రాసే రాజధాని. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు. 1861లోనే ఆయన అక్కడ మరొక శకలాన్ని కనిపెట్టి, ఈ ఖండం నుంచి దొరికిన మొదటిది గనుక దానికి ఆసియా అని నామకరణం చేశాడు.

ఆ రోజుల్లో ఈ అన్వేషణకు ఛాయాచిత్రాల సాయం లేదు. నక్షత్ర పటాన్ని ఆకాశంతో సరిపోల్చి చూడాలి. పటంలో లేని చుక్క కనిపిస్తే దాని స్థానాన్ని గుర్తించాలి. తర్వాతి రాత్రులలో అది చోటు మారితే నక్షత్రం కాదని తెలుస్తుంది. పాగ్‌సన్‌కు కనిపించినదల్లా చోటు మారిన ఒక చుక్క.

గణితజ్ఞులు దాని బాటను లెక్కకట్టారు. సూర్యుని చుట్టి రావడానికి దానికి సుమారు ఆరున్నర సంవత్సరాలు పడుతుంది. కాని దాని బరువెంతో, లోపల ఏమున్నదో ఎలా తెలుసుకోవడం? ఒంటరిగా తిరిగే వస్తువును తూచే త్రాసు ఎక్కడున్నది?

ఆ త్రాసు 135 ఏళ్లకు దొరికింది. 2001లో హవాయి దీవిలోని కెక్ దూరదర్శినితో చూసినవారికి సిల్వియా చెంత ఒక ఉపగ్రహం కనిపించింది. చిలీ దేశంలోని దూరదర్శిని తీసిన చిత్రాలలో రెండవది బయటపడగా, 2005లో ప్రకటించారు. రెండు ఉపగ్రహాలున్న గ్రహశకలం మానవునికి తెలియడం అదే ప్రథమం. రోము పురాణగాథలో రియా సిల్వియా కవలల తల్లి. ఆ కవలల పేర్లయిన రోములస్, రెమస్‌లనే వీటికి పెట్టారు. తల్లి పేరు పెట్టిన నాడు పిల్లలున్నారని పాగ్‌సన్ ఎరుగడు.

ఉపగ్రహం ఎంత దూరాన, ఎంత కాలంలో చుట్టివస్తున్నదో తెలిస్తే నడుమనున్న దాని బరువు తెలుస్తుంది. రెమస్ సుమారు 33 గంటలలోను, రోములస్ మూడున్నర రోజులకు కొంచెం పైగాను చుట్టివస్తున్నవి. ఆ లెక్కలో తేలిందేమంటే, సగటున 270 కిలోమీటర్ల వెడల్పున్న సిల్వియా సాంద్రత నీటికంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ. అది ఒకే ముద్దగా ఉన్న శిల కాజాలదు. లోపల ఖాళీలో, మంచో ఉండి తీరాలి. తోడున్నవారే దాని గుట్టు చెప్పారు.

పాగ్‌సన్ 1891లో మద్రాసులోనే కన్నుమూశాడు. ఆయన గుర్తించిన చుక్కను తరువాతి తరాలవారు అందుకొన్నారు. విద్యార్థులమైన మనకు ఇందులో ఒక ధైర్యం ఉన్నది. చేపట్టిన పని మన కాలంలో పూర్తి కాకపోవచ్చు. చూసినదానిని సరిగా గుర్తించి ఉంచితే, ఎక్కడో, ఎవరో దానిని ముందుకు తీసుకొనిపోతారు.