మాత్రల లెక్క

తెలుగు పండితుడిగా ముప్ఫై అయిదేళ్ళపాటు పిల్లల చేత మాత్రలు లెక్కపెట్టించిన వాణ్ణి. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. పదవీ విరమణ చేసి పదేళ్ళు దాటిన ఈ వయసులో నేను లెక్కపెట్టుకొనే మాత్రలు వేరు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. మధుమేహమనే అతిథి మా ఇంట దిగి పదిహేనేళ్ళయింది. తిథి చెప్పకుండా వచ్చినవాడు గనుక ఎప్పుడు వెళతావని అడగడానికి వీలు లేదు.

2023లో అమ్మాయి రెండవ కాన్పుకని నేనూ నా శ్రీమతీ న్యూజెర్సీ వెళ్ళాము. నాలుగు నెలలకు సరిపడే మాత్రలు పెట్టెలో సర్దుకున్నాను. పసిబిడ్డకు కామెర్లనీ, అమ్మాయికి ఇంకా ఓపిక చిక్కలేదనీ తిరుగు ప్రయాణం వాయిదా పడుతూ వచ్చింది. ఆగస్టు మూడవ వారానికి డబ్బాలో పదకొండు మాత్రలు మిగిలాయి. అక్కడ వైద్యుని చీటీ లేనిదే మందు ఇవ్వరు. ఒక వైద్యుణ్ణి దర్శించి, ఆయన రుసుము చెల్లించి, చీటీ పుచ్చుకొని మందుల దుకాణానికి వెళ్ళాము. బల్ల వెనుక ఉన్న పిల్ల కంప్యూటరులో చూసి ధర చెప్పింది. నా ముఖం చూసి మరొకసారి నెమ్మదిగా చెప్పింది. నెలకు అయిదు వందల డాలర్ల పైచిలుకు. మన రూపాయల్లో నలభై వేలు దాటింది.

నేను వేసుకొనే మందు పేరు సిటాగ్లిప్టిన్. మన దేశంలో దాని పేటెంటు గడువు 2022 జులైలో తీరింది. వెంటనే కేంద్ర ప్రభుత్వపు జన ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాముల మాత్రలు పదింటిని 60 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టారు. ఆ లెక్కన నా నెల ఖర్చు 360 రూపాయలు. "ఇది పట్టపగటి దోపిడీ" అని దుకాణంలోనే, తెలుగులోనే, కాస్త గట్టిగానే అన్నాను. "నెమ్మది నాన్నగారూ" అంటూ అమ్మాయి నా చేయి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది. ఆ వారంలోనే హైదరాబాదు నుంచి వస్తున్న ఒక పుణ్యాత్ముడు ఆరు అట్టలు తెచ్చిపెట్టడంతో గండం గడిచింది.

అదే నెల 29వ తేదీ సాయంత్రం అల్లుడుగారు ఇంట్లో అడుగుపెడుతూనే "మామయ్యగారూ, మీ మందు వార్తల్లోకెక్కింది" అన్నారు. అమెరికా ప్రభుత్వం మొట్టమొదటిసారిగా పది మందుల పేర్లు ప్రకటించి, వృద్ధుల కోసం వాటి ధరలను తయారీదారులతో బేరమాడబోతున్నట్లు చెప్పింది. సిటాగ్లిప్టిన్ అక్కడ జనూవియా అనే పేరుతో అమ్ముడవుతుంది. ఆ పదింటిలో అదీ ఉంది. శుభవార్త చెబుతున్న మనిషి ముఖంలో ఆ వెలుగు లేదు. అల్లుడుగారు కూడా ఒక మందుల కంపెనీలోనే, అది వేరొకటి, కంప్యూటరు విభాగంలో పనిచేస్తున్నారు. ఆ ఇల్లు, ఆ ఇంటి అప్పు, పెద్దమనవడి చదువు, మా విమానపు టిక్కెట్లు అన్నీ ఆ జీతంలోంచి వచ్చినవే.

నన్ను పట్టుకున్నది "మొట్టమొదటిసారి" అన్న మాట. వంకాయలు కొన్నా కొసరు అడిగే జాతి మనది. అమెరికాలో వృద్ధులకూ వికలాంగులకూ కలిపి ఆరు కోట్ల మందికి పైగా వైద్యపు ఖర్చు భరించే మెడికేర్ పథకం ఇన్నాళ్ళూ బేరమాడలేదా? ఆడలేదు. ఆడరాదని చట్టమే ఉండేది. కొసరు అడగడాన్ని శాసనం చేసి మరీ నిషేధించిన మహానుభావులెవరా అని ఆ సెలవు రోజుల్లో, మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని, దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ ప్రబంధ కథలన్నీ చిన్నబోయాయి.

2003లో, చిన్న బుష్ అధ్యక్షుడుగా ఉండగా, మెడికేర్ కింద మందుల ఖర్చు కూడా ఇవ్వాలని ఒక బిల్లు వచ్చింది. ఉద్దేశం మంచిదే. 1965లో ఆ పథకం పుట్టినప్పటి నుంచి ఆసుపత్రికీ వైద్యునికీ ఇచ్చేవారు గాని, ఇంటి దగ్గర వేసుకొనే మాత్రకు సాధారణంగా ఇచ్చేవారు కారు. ఆ మంచి ఉద్దేశపు మధ్యలో ఒక నిబంధన చేరింది. మందుల కంపెనీలకూ బీమా సంస్థలకూ మధ్య జరిగే బేరంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదు. ప్రభుత్వానికి బేరం చేతకాక కాదు. మాజీ సైనికుల కోసం 1992 నుంచీ మందులు తగ్గింపు ధరకు కొంటూనే ఉంది. ఒక చేతికి వచ్చిన విద్యను రెండవ చేతికి రాకుండా కట్టివేశారన్నమాట.

ఆ బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గిన తీరు చెప్పుకోదగినది. నవంబరు 22, తెల్లవారుజామున మూడు గంటలు. లోకమంతా నిద్రపోయే వేళ వోటింగు మొదలయింది. ఆ సభలో వోటుకు ఇచ్చే గడువు మామూలుగా పదిహేను నిమిషాలు. గడువు ముగిసేసరికి బిల్లు ఓడిపోతూ ఉంది. సభాపతి వోటింగు ముగించలేదు. దాదాపు మూడు గంటలపాటు, తెల్లవారబోయేదాకా, తెరిచే ఉంచారు. ఆ మూడు గంటలూ నాయకులు సొంత పార్టీలోని అసమ్మతి సభ్యులను ఒక్కొక్కరినే పట్టుకొని నచ్చజెప్పారు. చివరికి 220, 215 తేడాతో గెలిపించుకున్నారు. మిచిగన్ సభ్యుడు నిక్ స్మిత్ కుమారుడు తండ్రి ఖాళీచేస్తున్న స్థానానికి పోటీ చేస్తున్నాడు. ఈ బిల్లుకు వోటు వేస్తే మీ అబ్బాయికి మద్దతు ప్రకటిస్తానని సభలో మెజారిటీ పక్ష నాయకుడు టామ్ డిలే ఆయనకు చెప్పాడు. స్మిత్ లొంగలేదు. మరుసటి సంవత్సరం ఆ కుమారుడు పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే ఓడిపోయాడు. సభా నైతిక సంఘం డిలేను మందలించింది. మందలింపుతో కథ సమాప్తం.

ఇంకొక ముచ్చట. ఆ పథకానికి పదేళ్ళలో 39,500 కోట్ల డాలర్లు అవుతుందని సభ్యులకు చెప్పారు. ప్రభుత్వపు సొంత గణకుడు రిచర్డ్ ఫోస్టర్ లెక్క 53,400 కోట్లు. ఆ లెక్క సభకు చెబితే నీ ఉద్యోగం ఉండదని ఆయన పై అధికారి టామ్ స్కల్లీ బెదిరించినట్లు తరువాత విచారణలో తేలింది. నేరమేమీ కాదని కూడా తేలింది. ఆ స్కల్లీగారు బిల్లు రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే, ప్రత్యేకానుమతి పొంది, బయట ఉద్యోగం వెతుక్కున్నారు. బిల్లు చట్టమైన నెలలోనే పదవి వదిలి, ఆరోగ్యరంగ సంస్థలు ఖాతాదారులుగా ఉన్న న్యాయవాద సంస్థలో చేరారు.

బిల్లుకు ముఖ్య సూత్రధారులలో ఒకరు లూసియానా రాష్ట్రపు సభ్యుడు బిల్లీ టాజిన్. మందుల వ్యవహారాలు చూసే స్థాయీసంఘానికి అధ్యక్షుడు. 2005 జనవరిలో ఆయన మందుల కంపెనీల సమాఖ్యకు అధిపతి అయ్యాడు. జీతం ఏడాదికి ఇరవై లక్షల డాలర్లని పత్రికలు రాశాయి.

దీనిని మన భాషలో ఏమనాలి? లంచం కాదు. ఎవరి చేతిలోనూ ఎవరూ మూట పెట్టలేదు. ముడుపు కాదు, మామూలు అసలే కాదు. లాబీకి పైరవీ అని తర్జుమా చేస్తున్నారు. పైరవీకి మూలమైన పారసీక పదానికి వెంట నడవడమని అర్థం. మన పైరవీకారుడు చీకటి పడ్డాక వెనుక గుమ్మం గుండా వెంట నడుస్తాడు. అమెరికా పైరవీకారుడు పేరు నమోదు చేయించుకొని, ఎవరి కోసం ఎంత పుచ్చుకున్నాడో మూడు నెలలకొకసారి లెక్క దాఖలు చేసి, ముందు గుమ్మం గుండా నడుస్తాడు. ఈ మధ్య కాలంలో ఒక్క మందుల రంగమే పైరవీకి ఏటా 30 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుచేస్తున్నది. ఉభయసభల్లో కలిపి సభ్యులు 535 మంది. భాగహారం మీరే చేసుకోండి. సామ దాన భేద దండాలలో దానాన్ని రెండవ స్థానంలో పెట్టిన మన పెద్దలు కూడా రశీదు సంగతి ఊహించి ఉండరు.

ఎన్నికల ఖర్చు సంగతి మరీ విచిత్రం. 1976లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఎన్నికల్లో డబ్బు ఖర్చుపెట్టడం వాక్స్వాతంత్ర్యంలో భాగమని తీర్పు చెప్పింది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ అనే వ్యాజ్యంలో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు కాగా, అభ్యర్థులతో ప్రమేయం లేకుండా కంపెనీలు ఎన్నికల ప్రచారానికి ఎంతైనా ఖర్చుచేసుకోవచ్చునని తేల్చింది. నిఘంటువు తెరిస్తే అర్థమన్న మాటకు ధనమనీ ఉంది, మాటకుండే భావమనీ ఉంది. వాక్కుతో అర్థాన్ని ముడిపెట్టిన సంప్రదాయంలో చదువుకున్నవాణ్ణి గనుక, ఆ తీర్పు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదంతా ఒక పార్టీ పాపమని అనుకోకండి. 2008 ఎన్నికల ప్రచారంలో ఒబామా తన ప్రకటనలో టాజిన్ కథనే చెప్పి, ఈ ఆట ఇకముందు సాగనివ్వనన్నాడు. మరుసటి సంవత్సరం తన ఆరోగ్య బిల్లు గట్టెక్కడానికి అదే టాజిన్ నడిపే సమాఖ్యతో ఒప్పందానికి వచ్చాడు. పదేళ్ళలో కంపెనీలు 8,000 కోట్ల డాలర్ల మేర వదులుకొంటాయి, ధరల బేరం జోలికి ప్రభుత్వం పోదు. కొసరు అడిగే హక్కు 2022 ఆగస్టులో గాని రాలేదు. సెనేటులో యాభైకి యాభై కాగా ఉపాధ్యక్షురాలి వోటుతో గట్టెక్కింది. పందొమ్మిదేళ్ళు పట్టింది.

ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ ఏకరువు పెట్టాను. అల్లుడుగారు ఓపికగా విని, "మామయ్యగారూ, మనుషుల మీద పరీక్షదాకా వచ్చిన మందుల్లో కూడా పదింటికి తొమ్మిది పోతాయి. ఆ తొమ్మిదింటి ఖర్చు ఎవరివ్వాలి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. టాజిన్ కథలో నేను దాటవేసిన భాగం ఆయనే గుర్తుచేశారు. 2004లో టాజిన్‌కు పేగు క్యాన్సరు వచ్చింది. అవాస్టిన్ అనే అప్పటి కొత్త మందు తన ప్రాణం నిలిపిందని ఆయనే పలుమార్లు చెప్పుకున్నాడు. అటువంటివాడు మందుల కంపెనీల పక్షాన నిలవడం కృతజ్ఞత అనుకోరాదా?

అనుకోవచ్చు. అబద్ధమాడాడని నేననుకోను. అక్కడే నాకు నిద్ర పట్టలేదు.

1986లో నేను ఒక మండల కేంద్రంలో పదవ తరగతికి తెలుగు చెబుతూ ఉండేవాణ్ణి. జూన్ నెలలో గైడ్లు వేసే ఒక ప్రచురణకర్త తాలూకు ప్రతినిధి వచ్చి, తమ గైడు ఒకటి, డైరీ ఒకటి, గోడ గడియారం ఒకటి ఇచ్చి నమస్కరించి వెళ్ళాడు. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ మాట ఇవ్వలేదు. తరగతిలో ఆ గైడు బాగుందన్నాను. నిజంగానే బాగుంది. కొన్నాళ్ళకు రిక్షా తొక్కే ఒకాయన బడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, అన్న వాడిన పాత గైడు చేతిలో పట్టుకొని, "పంతులుగారూ, పోయినేటిది మా చిన్నోడికి పనికిరాదాండీ?" అని అడిగాడు. పాఠాలు మారలేదు. ప్రశ్నలు మారలేదు. అట్ట రంగు మారింది. "కొత్తదే మంచిదయ్యా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు గడియారం నా మనసులో లేదని ప్రమాణం చేయగలను. ఆ ప్రమాణానికి విలువ ఎంతో నాకే తెలియదు. ఆయన కొన్నాడు. పద్దెనిమిది రూపాయలు. ఆ రోజుల్లో అది ఎన్ని సవారీల సంపాదనో నేను లెక్కవేయలేదు. ఆ గడియారం ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది. బ్యాటరీ మారుస్తూ ఉంటే సమయం సరిగానే చూపిస్తుంది.

టాజిన్ ఇరవై లక్షల డాలర్లకూ నా గడియారానికీ సామ్యమేమిటని మీరు అనవచ్చు. పరిమాణంలో లేదు. కానీ ఆ రాత్రి నుంచి ఆయనను తిట్టడానికి నోరు అంత సులువుగా రావడం లేదు.

2024 ఆగస్టులో బేరం ఫలితాలు ప్రకటించారు. జనూవియా నెలసరి ధర 527 డాలర్ల నుంచి 113కు దిగింది. అది 2026 జనవరి 1 నుంచి, మెడికేర్ వారికి మాత్రమే, అమలులోకి వచ్చింది. ఈలోగా 2025 జులైలో చేసిన మరొక చట్టంలో అరుదైన వ్యాధుల మందులకు బేరం నుంచి మినహాయింపును విస్తరించారు. మూడు గంటల వోటు అవసరం లేకుండానే ఒక మూల అలా మూసుకుపోయింది.

సంక్రాంతి నాడు అమ్మాయి ఫోను చేసింది. మనవరాలి ముద్దుమాటలు వినిపించాక గొంతు తగ్గించి, "ఆయన విభాగంలో కొందరిని తీసేస్తారట నాన్నగారూ. ధరలు తగ్గితే రాబడి పడిపోతుందని పైవాళ్ళు అంటున్నారట" అన్నది. నిజంగా ధరల వల్లనో, ధరల పేరు చెప్పి మరొకందుకో నాకు తెలిసే వీలు లేదు. "మరీ అంతగా తగ్గించకుండా ఉండవలసిందమ్మా" అన్నాను.

ఫోను పెట్టి తల ఎత్తితే నా శ్రీమతి వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది.

"ఏమండీ, ఆ దుకాణంలో దోపిడీ అని అరిచింది మీరేనా?"

గడియారం వంక చూశాను. రాత్రి మాత్ర వేళ దాటింది. లేచి డబ్బా తీసుకున్నాను.